శివారు కంప్యూటరు

"ఒక రౌటర్ పెట్టేస్తే పోయేదానికి అంత గోల ఎందుకు?" ఈ మాట ఇంకోసారి ఎవరైనా అంటే నా నోట్లోంచి ఏం వస్తుందో నాకే తెలీదు. ఆఫీసులో అన్నారు. మా ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో అన్నారు, పైగా నవ్వే బొమ్మలు పెట్టారు. మొన్న కొత్తగా చేరినవాడు టీ తాగుతూ, "ఈ రోజుల్లో కూడా కంప్యూటర్లోంచి కంప్యూటర్‌కి నెట్ పంచుతారా అక్కా? తాతల కాలం పద్ధతి కదా!" అన్నాడు. "మీ తాత మోడెమ్ చూశాడా రా?" అన్నాను. వాడు ఫోన్లోకి తల దించేశాడు. కాసేపటికి నేనూ దించేశాను. మా ఆఫీసులో గొడవలు ఇంతకన్నా ముందుకెళ్లవు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి మరి.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. మొత్తం చదివాక అనండి ఏమంటారో.

మూడేళ్ల కిందట, వానలు అప్పుడే మొదలైన రోజులు. రాజమండ్రిలో ఒక ఇంటర్నెట్ ఏజెన్సీలో ఫీల్డ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పేరు పెద్దదే కానీ, పని నిచ్చెనలెక్కడం, కేబుళ్లు లాగడం, "ఒకసారి ఆపి ఆన్ చేశారా అండి" అని అడగడం. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్ కూకట్‌పల్లిలో. అప్పటిదాకా గోదావరి అంటే నాకు రైలు వంతెన ఎక్కగానే వీడియో తీసుకునేది, అంతే.

ఒక లంక ఊరి నుంచి ఫోనొచ్చింది. చుట్టూ గోదావరి పాయలు, మధ్యలో ఊరు. చేసినావిడ పేరు సూర్యకుమారి గారు. అక్కడి మత్స్యకారుల సొసైటీ భవనంలో ఒక గది తీసుకుని నెట్ సెంటర్ నడుపుతారు. సర్టిఫికెట్లకి అప్లికేషన్లు పెట్టడం, కాలేజీ సీట్లకి పిల్లలతో ఆప్షన్లు పెట్టించడం, ఊళ్లోవాళ్లకి వీడియో కాల్స్ కలపడం, ఇదీ ఆవిడ పని.

"మా దగ్గర ఒక డాంగిలుందండి. కంప్యూటర్లు ఐదున్నాయండి. ఐదిటికీ నెట్ రావాలండి," అన్నారు.

"డాంగిల్ ఎందుకండీ ఇంకా? ఫైబర్ కేబుల్ లాగించేస్తాను."

"ఏట్లోంచాండి?"

మర్నాడు బయల్దేరాను.

ధవళేశ్వరం బ్యారేజీ దాటి, ఏటిగట్టు పట్టుకుని చాలా దూరం వెళ్తే రేవు. అక్కణ్ణుంచి మనుషుల్నీ మోటార్‌సైకిళ్లనీ గేదెల్నీ ఒకటేసారి ఎక్కించుకునే పంటు మీద దాటాలి. సగం ఏరు దాటేసరికి నా ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఫోను పైకెత్తి అటూ ఇటూ తిరుగుతుంటే, పక్కన కొబ్బరికాయల బస్తా మీద కూర్చున్న పెద్దాయన చూసి, "ఎంతెత్తినా అందదమ్మా. ఊళ్లో మా సొసైటీ డాబా మీదే ఉంటది అది," అన్నాడు. సిగ్నల్ గురించి ఆయన ఇంట్లో పిల్లి గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఆయన చెప్పింది నిజమే. ఊరు మొత్తానికి ఆ డాబా మీద మాత్రమే సిగ్నల్ సరిగ్గా అందుతోంది. సూర్యకుమారి గారు అక్కడ వెదురుబొంగుకి ఒక యాంటెన్నా కట్టించి, దాని వైరు కిటికీలోంచి లోపలికి దించి, కిటికీ పక్కనున్న కంప్యూటర్‌కి గుచ్చిన డాంగిల్‌కి కలిపారు. డాంగిల్ అంటే సిమ్ కార్డు పెట్టే చిన్న మోడెమ్. దేనికి గుచ్చితే దానికే నెట్. మిగతా నాలుగు కంప్యూటర్లూ టైపింగ్ మిషన్లలా పడున్నాయి.

నేను బ్యాగులో రెండు రౌటర్లు పట్టుకెళ్లాను. వినండి, గ్రూపులో నవ్విన మహానుభావులారా, పట్టుకెళ్లాను. రెండూ ఆ డాంగిల్‌ని గుర్తుపట్టలేదు. అది పాత రకం. విండోస్‌లో దాని సొంత డయలర్ సాఫ్ట్‌వేర్ తెరిచి "కనెక్ట్" నొక్కితే తప్ప కదలదు. కొత్తది కొందామంటే, ఆ యాంటెన్నా వైరు పట్టే మోడల్ బజార్లో దొరకడం లేదు. అప్పుడు మిగిలింది ఒకటే దారి, ఐసీఎస్. అంటే ఒక కంప్యూటర్‌కి వచ్చే నెట్‌ని మిగతా కంప్యూటర్లకి పంచే ఏర్పాటు. విండోస్‌లోనే ఉంటుంది. మోడెమ్ ఉన్న కంప్యూటర్ని హోస్ట్ అంటాం. అదే పెద్దదిక్కు. మిగతావి క్లయింట్లు. అవి ఇంటర్నెట్‌తో నేరుగా మాట్లాడవు. హోస్ట్‌ని అడుగుతాయి, హోస్ట్ మోడెమ్‌ని అడుగుతుంది. దీనికి తోడు ఒక బ్యాండ్‌విడ్త్ మేనేజర్ కూడా వేశాను. ఒకళ్లు పెద్ద ఫైలు దించుకుంటుంటే మిగతావాళ్లు ఎండిపోకుండా, ఎవరి వాటా వాళ్లకి కట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది.

కేబుళ్లు బిగిస్తున్నంతసేపూ కిటికీ పక్క కుర్చీలో ఒకాయన కూర్చుని చూస్తూనే ఉన్నారు. తెల్ల చొక్కా, పంచె, కళ్లజోడు తాడుతో మెళ్లో. సత్తిరాజు గారు. లంకలో కొబ్బరి తోట, ఏటి అవతల కాలవ కింద వరిచేను. ఒకప్పుడు నీటి సంఘానికి అధ్యక్షుడిగా చేశారట. రోజూ కొబ్బరి ధర చూసుకోవడానికొచ్చి, గాలి బాగా వస్తుందని ఆ కిటికీ దగ్గరే కూర్చుంటారు.

"అమ్మాయ్, నాకో సందేహం. ఈ నెట్టు ముందు నా దగ్గరకొచ్చి, ఇక్కణ్ణుంచి అటు పోద్దన్నమాట."

"అవునండి."

"అయితే నేను ఎగువ."

"అలాగే అనుకోండి."

"ఆ మూలనున్న కంప్యూటరు శివారు."

"అలాగే అనుకోండి," అన్నాను, ఫోన్లో ఒక్క గీతైనా వచ్చిందేమో చూసుకుంటూ.

"మరి పంచేదెవరు?"

"సాఫ్ట్‌వేర్ పంచుతుందండి. మీరేం చెయ్యక్కర్లేదు."

ఆయన నవ్వారు. "కనపడని లస్కరన్నమాట!" లస్కరంటే కాలవల మీద తూము తలుపులు ఎత్తీ దించే ఉద్యోగి అని తర్వాత తెలిసింది. "కనపడే లస్కర్లనే నమ్మలేకపోయాం కదమ్మా మేము."

ఐదు కంప్యూటర్లూ పనిచేశాయి. సూర్యకుమారి గారు గదిలో అందరికీ కాఫీ ఇచ్చారు. నాకు రెండోసారి కూడా పోశారు, వద్దంటే వినలేదు. పంటు ఎక్కాను. కేసు క్లోజ్ అనుకున్నాను.

తర్వాత కొన్ని వారాలకి మళ్లీ ఫోన్.

"మేడమ్ గారండీ, నెట్ పోతోందండి."

"ఆపి ఆన్ చేశారా?"

"చేస్తే వచ్చేస్తోందండి."

"మరింకేంటండీ ప్రాబ్లమ్?"

ఆవిడ గొంతు తగ్గించి, "నూకరత్నం కూర్చుంటేనే పోతోందండి," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మనిషిని బట్టి నెట్ పోవడం ఏంటి? వెళ్లాను, కనీసం ఆ మాట అన్నందుకు దెబ్బలాడదామని.

నూకరత్నం నాకన్నా ఒకట్రెండేళ్లు పెద్దది, అంతే. మత్స్యకారుల వీధి. భర్త అప్పారావు గుజరాత్ వైపు చేపల బోట్ల మీద పనికెళ్లాడు. బోటు సముద్రంలోకి పోతే వారాల తరబడి కబురుండదు. రేవుకి తిరిగొచ్చాక, ఎవరిదో ఫోను అడిగి, సెంటర్‌కి వీడియో కాల్ చేస్తాడు. మళ్లీ బోటు కదిలేలోపు ఎన్నిసార్లు ఫోను చేతికి దొరికితే అన్నిసార్లు. ఇక్కడ కాల్ రాగానే సూర్యకుమారి గారు గుమ్మంలోకి వెళ్లి కేక వేస్తారు. ఆ కేకని వీధిలో ఒకళ్ల తర్వాత ఒకళ్లు అందుకుని నూకరత్నం ఇంటిదాకా మోసుకెళ్తారు. పరిగెత్తుకొస్తుంది.

అతను వెళ్లేనాటికి ఆమె గర్భిణి. పురిటికి పుట్టింటికెళ్లి, నేను ఐసీఎస్ పెట్టాక తిరిగొచ్చింది. పాప ఇప్పుడు పాకుతోంది. తండ్రి ఇంతవరకూ చూడలేదు. ఫొటోలు పంపారు. ఫొటోలు చూస్తే మనిషిని చూసినట్టేనా? కాల్ కలుస్తుంది, "బాగున్నావా" అంటాడు, పాపని ఒళ్లో సర్దుకుని కెమెరా వైపు తిప్పేలోపు బొమ్మ ఆగిపోతుంది. ప్రతిసారీ అంతే.

కెమెరా, మైకు ఉన్నది మూల కంప్యూటర్‌కే. కాస్త చాటుగా ఉంటుందని కాల్స్‌కి అది కేటాయించారు. నేను దాని నెట్‌వర్క్ కార్డు మార్చాను, కేబుల్ మార్చాను. హోస్ట్ నిద్రలోకి జారుకుంటే అందరికీ నెట్ పోతుంది కాబట్టి, పవర్ ఆప్షన్స్‌లోకెళ్లి స్లీప్ తీసేశాను. బ్యాండ్‌విడ్త్ మేనేజర్లో మూల కంప్యూటర్‌కి అందరికన్నా ముందు వాటా పెట్టాను. ఐదూ ఒకేసారి నడిపి, నేనే మూలన కూర్చుని, రాజమండ్రిలో మా ఫ్రెండ్‌కి వీడియో కాల్ చేశాను. రవ్వంత తేడా లేదు.

"చూశారా? ఏం పోలేదు," అన్నాను.

గుమ్మం దగ్గర పాపని చంకలో వేసుకుని నిలబడ్డ నూకరత్నం, "మీరు కూకుంటే పోదండి. నేను కూకుంటేనే పోద్ది," అంది. ఏడుస్తూ చెప్పలేదు. వానొస్తే కారే ఇంటి గురించి చెప్పినట్టు చెప్పింది.

"అలా ఏముండదు అక్కా. మిషన్‌కి మనుషులు తెలీదు."

"ఊరంతా అలాగే అంటన్నారు. తిట్టట్లేదు లెండి, పాపం అంటన్నారు. తిట్టినా బాగుణ్ణు."

ఆ మాట నాకు పంటు మీద కూడా వినిపిస్తూనే ఉంది. ఫోన్లో సిగ్నల్ వచ్చాక కూడా.

తర్వాత కాల్‌కీ అదే జరిగింది. ఆ తర్వాత ఆమె రావడం తగ్గించేసిందట. కేక వేస్తే, అత్తగారిని పంపేది. "నేనొత్తే పోద్ది, నువ్వెళ్లి కూకో. ఆయన గొంతైనా పూర్తిగా ఇను," అనేదట. అత్తగారు కూర్చున్నా కాల్ తెగింది. దానికి కూడా ఊరు ఒక కారణం కనిపెట్టింది: పాప ఆవిడ చంకలో ఉంది కదా, తల్లి రాత పిల్లకీ వచ్చిందని. సూర్యకుమారి గారు ఇది ఫోన్లో చెప్తుంటే నేను రాజమండ్రిలో ఎవరి మేడ మీదో నిచ్చెన పైన ఉన్నాను. పళ్లు కొరుక్కుంటూ దిగాను.

ఈసారి కాల్ వచ్చేదాకా కదలకూడదని వెళ్లాను. అప్పారావు బోటు రేవుకొచ్చిందని, ఒకట్రెండు రోజుల్లో మళ్లీ వెళ్లిపోతుందని కబురుంది. వాన. ఏరు ఎరుపు తిరిగింది. నేను దాటాక పంటు ఆపేశారు. సూర్యకుమారి గారింట్లో ఆనపకాయ పులుసు, చేపల వేపుడు పెట్టారు. మధ్యాహ్నం సెంటర్లో కూర్చున్నాను. ఐదు కంప్యూటర్ల దగ్గరా మనుషులున్నారు. ఇద్దరు ఇంటర్ పిల్లలు, ఒక టీచరు గారు, మూలన సూర్యకుమారి గారు. కిటికీ దగ్గర, హోస్ట్ ముందు, మామూలుగానే సత్తిరాజు గారు.

నేను హైదరాబాద్‌లో ఎన్నో నెట్ సెంటర్లు చూశాను. అక్కడ పక్కవాడి స్క్రీన్ వైపు చూస్తే దెబ్బలాట. ఇక్కడ మొదటిసారి గమనించాను, ఎవరైనా పెద్ద ఫైలు దించుకోవాలంటే ముందు గదిలో అడుగుతున్నారు.

"ఇంటర్ మార్కుల మెమో దింపుతున్నానండి, ఏవనుకోకండి."

"దింపుకో నాన్నా, నాకేం తొందర్లేదు."

"మీరు కానిచ్చుకోండి టీచరు గారూ, తర్వాత చేసుకుంటా."

"అబ్బే, ముందు మీరు."

ముందు మీరు, ముందు మీరు అని ఇద్దరూ ఆగిపోయారు. లైను ఖాళీగా పడుంది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. సాఫ్ట్‌వేర్ పంచుతుందని ఎన్నిసార్లు చెప్పాను వీళ్లకి!

అప్పుడు మోగింది.

సూర్యకుమారి గారు గుమ్మంలోకి పరిగెత్తి, "నూకరత్నం! అప్పారావు!" అని కేక వేశారు. కేక వీధిలో పోయింది. వస్తుందో రాదో తెలీదు. నేను వానలోకెళ్లి, "అక్కని రమ్మనండి! ఆమెనే రమ్మనండి! నేనున్నానని చెప్పండి!" అని అరిచాను. నా అరుపుని కూడా వాళ్లు అలాగే మోసుకెళ్లారు.

వచ్చింది. తల మీద గోనెసంచి, చంకలో పాప. మూల కుర్చీలో కూర్చుంది. స్క్రీన్ మీద ఎండకి నల్లబడ్డ మొహం ఒకటి.

"బాగున్నావా?"

"బాగున్నా. ఇటు సూడు, దీన్ని తిప్పుతున్నా ఉండు..."

నేను స్క్రీన్ వైపు చూడలేదు. గదిని చూశాను. ఏం జరుగుతోందంటే, ఎవరూ ఎవరికీ చెప్పకుండా, ఇంటర్ పిల్లలిద్దరూ కంప్యూటర్లు షట్‌డౌన్ చేసి లేచారు. టీచరు గారూ ఆపేసి లేచారు. సత్తిరాజు గారు కళ్లజోడు పెట్టుకుని, మౌస్ జాగ్రత్తగా పట్టుకుని, స్టార్ట్ నొక్కి, షట్‌డౌన్ నొక్కి, "మాట్లాడుకో తల్లీ," అని వరండాలోకి వెళ్లిపోయారు. మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటుంటే వినకూడదని.

పాత కంప్యూటర్. ఆరిపోవడానికి చాలాసేపు తీసుకుంటుంది. నీలం తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి. అటు నూకరత్నం పాప గడ్డం పట్టుకుని తిప్పుతోంది. ఇటు చుక్కలు తిరుగుతున్నాయి. నాకు అప్పుడర్థమైంది. పరిగెత్తాను. షట్‌డౌన్ మొదలయ్యాక ఎవరూ ఆపలేరు. తెర నల్లబడింది. మూలన బొమ్మ ఆగిపోయింది.

"సూశారా అండి," అంది నూకరత్నం, నా వైపు తిరగకుండా.

"మీరు కాదు! మీరు కాదక్కా! సత్తిరాజు గారూ, ఇలా రండి ఒకసారి!" నా గొంతు ఎంత లేచిందో నాకు తెలుసు. "ఎందుకు ఆపారండీ దీన్ని?"

ఆయన గుమ్మంలో నిలబడిపోయారు. "ఆ అమ్మాయికి కాల్ వచ్చింది కదమ్మా."

"వస్తే?"

"నేను ఎగువన ఉన్నాను. నేను మూసుకుంటే కదా శివారుకి అందేది."

ఆ మాటతో నా కోపం ఎటు పోవాలో తెలీక నిలబడిపోయింది. వరిచేలకి నీళ్లు తక్కువైన రోజుల్లో వంతులు పెట్టుకుంటారట. ఎగువ రైతు తన తూము మూసుకుంటేనే కాలవ చివరనున్న చేను తడుస్తుంది. సత్తిరాజు గారి చేను కాలవకి ఆఖరున ఉంది. ఎగువవాళ్లు మూస్తారేమోనని గట్టు మీద కూర్చుని ఎదురుచూడటమే ఆయన వ్యవసాయం. "బతుకంతా శివారులో ఉన్నవాణ్ణమ్మా. ఇక్కడొక్కచోటే ఎగువ కుర్చీ దొరికింది. వదలకపోతే ఎలా?"

"ఇది తూము కాదండీ," అన్నాను. గొంతు తగ్గించాలని ప్రయత్నించాను. "ఆ మూడు కంప్యూటర్లూ తూములు. అవి మూస్తే ఆమెకి లాభమే. మీ ముందున్నది తూము కాదు. కాలవే దీంట్లోంచి పోతోంది. మీరు మూసింది లాకులు."

లాకులంటే కాలవ మొత్తాన్నీ ఆపేసే తలుపులు. ఆ మాటకి ఇంకేం వివరించక్కర్లేకపోయింది. ఆయన కళ్లజోడు తీసేశారు. నల్లబడ్డ తెర వైపు చూశారు, తర్వాత నూకరత్నం వైపు. "అన్నిసార్లూ నేనేనా?" అన్నారు. వరండాలోకి వెళ్లిపోవడం వల్ల కాల్ తెగడం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. తెగిందని తెలిసి లోపలికొచ్చి, ఆయనే మళ్లీ ఆన్ చేసేవారు. నెట్ వచ్చేసేది. మిగతావాళ్ల కాల్స్ చెప్పుకున్న వేళకి, ఆయన ఇంటికెళ్లిపోయాక రాత్రిళ్లు వచ్చేవి; పగలు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేది అప్పారావు కాల్ ఒక్కటే. ఎవరికి అనుమానం వస్తుంది?

నూకరత్నం మెల్లగా లేచింది. ఆయన్ని ఏమంటుందోనని నేను భయపడ్డాను.

"అయితే నేను కాదన్నమాట," అంది.

నాకేసి చూసి మళ్లీ అడిగింది. "నేను కూకోబట్టి కాదు కదండీ?"

"కాదక్కా."

"అత్తా, నేను కాదంట!" అని వీధిలోకి అరిచింది. వానలో ఆ కేకని కూడా ఎవరో అందుకున్నారు. తర్వాత సత్తిరాజు గారి వైపు తిరిగి నవ్వింది. "ఏటి బాబాయిగారూ, మీరా! మీరు మంచోరని ఊరుకున్నాం కానండి."

ఆయన నవ్వలేకపోయారు.

అతను మళ్లీ చేస్తాడో లేదో తెలీదు. ఎవరిదో ఫోను. బోటు ఎప్పుడు కదులుతుందో తెలీదు. నా ముందు రెండు దారులున్నాయి. హోస్ట్ ఆన్ చేసి, "ఇది ఆపకండి" అని కాగితం అంటించడం ఒకటి. కానీ ఈ ఊరి సంగతి అప్పటికి నాకు తెలిసింది. ఎదుటివాళ్ల కోసం లేవడం ఆపమని వీళ్లకి చెప్పినా, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు లేస్తారు, లేచేటప్పుడు ఆపుతారు. మనుషుల్ని మార్చడం కన్నా వైరు మార్చడం తేలిక. డాంగిల్ పీకాను. యాంటెన్నా వైరుని గోడ వెంట సాగదీశాను. అందలేదు. సత్తిరాజు గారు టేబుల్ ఒక వైపు పట్టుకున్నారు, టీచరు గారు ఇంకో వైపు. మూల కంప్యూటర్ని టేబుల్‌తో సహా కిటికీ వైపు లాక్కొచ్చారు. ఇంటర్ పిల్లల్లో ఒకమ్మాయి డాబా మీదకెళ్లి, వానలో వెదురుబొంగు పడిపోకుండా పట్టుకుంది. డయలర్ ఆ కంప్యూటర్లో ఎక్కించాను, ఐసీఎస్ అక్కడ పెట్టాను, మిగతా నాలుగిటినీ దాని కిందకి మార్చాను. ఇప్పుడు కాల్ మాట్లాడేవాళ్లే హోస్ట్ దగ్గర కూర్చుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు మర్యాదకి ఎన్ని ఆపినా ఆమెకి మేలే.

"ఇప్పుడు మీరెక్కడున్నారో తెలుసా?" అని సత్తిరాజు గారిని అడిగాను.

"శివారులో," అన్నారు. "అలవాటేలెండి."

ఎదురుచూశాం. పాప నేల మీద పాకుతూ, నేను కేబుల్ చివర్లు నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ నోట్లో పెట్టుకోబోయింది. ఎవరో లాక్కున్నారు. ఎవరూ ఇంటికెళ్లలేదు. ఫోను నా జేబులో ఉందని అంతసేపూ నాకు గుర్తు రాలేదు. ఇది నేను నిజంగా రాస్తున్నాను, నన్ను తెలిసినవాళ్లు నమ్మరు.

మోగింది.

నాలుగు కంప్యూటర్ల దగ్గరా నలుగురూ లేచారు. నాలుగూ ఆపేశారు. ఈసారి నేను ఎవర్నీ ఆపలేదు. నూకరత్నం పాపని ఎత్తి కెమెరా ముందు నిలబెట్టింది. పాప తండ్రి వైపు చూడనే లేదు, కిటికీలోంచి వానని చూస్తోంది. అటు వైపు ఏవో మర మోతలే.

"ఇనపడతందా?" అంది నూకరత్నం కంగారుగా. "ఏవండీ, ఇనపడతందా?"

"ఇనపడకపోయినా పర్లేదు," అన్నాడు. "కనపడతంది. ఇటు తిప్పు. కొంచెం... ఆఁ, ఉంచు."

ఉంచింది. చేతులు నొప్పెట్టి ఉంటాయి. దించలేదు.

"ఎవరి పోలికే?"

"నవ్వితే మా అమ్మ. ఏడిత్తే మీరే."

మేమందరం వరండాలోకి వెళ్లిపోయాం. సత్తిరాజు గారు స్తంభానికి ఆనుకుని ఏరు చూస్తున్నారు. లోపల్నించి మాటలు వస్తూనే ఉన్నాయి. తెగలేదు. "ఇంకా మాట్లాడుతోందా?" అని ఆయన అడిగారు. "ఆఁ." మళ్లీ కాసేపటికి, "ఇంకా?" అన్నారు. "ఆయ్, ఇంకా మాట్లాడుతోందండి," అన్నాను. ఆ గోదావరి "ఆయ్" నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఆ తర్వాత ఆ లంకలో టవర్ పెట్టారు. మంచిదే, అది మంచిది కాదని నేననను. నూకరత్నం ఇప్పుడు ఇంట్లోంచే మాట్లాడుతుంది, తన ఫోన్లో. సెంటర్లో రెండే కంప్యూటర్లున్నాయి. కిటికీ పక్క ఇప్పుడు జిరాక్స్ మిషన్ ఉందట. నన్ను హైదరాబాద్ మార్చేశారు. ఒకసారి నూకరత్నం నాకే వీడియో కాల్ చేసింది. పాప మాటలు వినిపించింది. "బాగా కనపడతందండి ఇప్పుడు," అంది. "కానీ ఆయన కాల్ చేసినప్పుడల్లా అడుగుతాడు, ఎనకాల లేచెళ్లేవోళ్లు ఎవరూ లేరేంటి, బాబాయిగారు ఏరి అని. ఆయన నేనొక్కదాన్నే కనపడతంటే భయపడతన్నాడు."

నాకూ అలాగే ఉంది. మా ఫ్లాట్లో లైను స్పీడు ఆ లంక మొత్తం ఎన్నడూ చూడనంత. రౌటర్ హాల్లో ఉంది, గదికొక బూస్టర్ పెట్టాను, నేనే. ఇంట్లోవాళ్లం నలుగురం నాలుగు తలుపులు వేసుకుంటాం. ఎవరికి కాల్ వచ్చిందో, ఎవరితో మాట్లాడి ఏడ్చారో, ఎవరికీ తెలీదు. నెట్ కాస్త నెమ్మదిస్తే మొదట వచ్చే మాట "ఎవరు వాడుతున్నారు?". "నేను ఆపనా?" అని ఎవరూ అనరు. నేను కూడా అనను. మొన్న ఆ మాట నోటిదాకా వచ్చింది, ఎవరికి చెప్పాలో తెలీలేదు.

ఆ కేసు నాకు ఐసీఎస్ నేర్పలేదు. అది ముందే వచ్చు. లైను పంచడం సాఫ్ట్‌వేర్ పని అనుకున్నాను. నా సాఫ్ట్‌వేర్ వాటాలు వేసింది, అంతే. పంచింది ఆ గదిలో లేచి నిలబడ్డవాళ్లు. తప్పు చోట లేచారు, నిజమే. నేను చేసిందల్లా వాళ్లు లేచిన చోటు సరిపడేలా వైరు మార్చడం. ఇప్పటికీ మా ఇంట్లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నప్పుడు, నాకు ఆ వరండాలో నిలబడి "ఇంకా మాట్లాడుతోందా" అని ఎవరైనా అడిగితే బాగుండనిపిస్తుంది.

రౌటర్ పెట్టేస్తే పోయేదన్నారు కదా? సరే, మీ అందరి ఇళ్లలోనూ రౌటర్లే ఉన్నాయి. మీకు కాల్ వచ్చిందని, మీ మాట తెగకూడదని, అడక్కుండానే తన పని ఆపుకుని గదిలోంచి లేచి వెళ్లిన మనిషి పేరు ఒక్కటి, ఒక్కటే, చెప్పగలరా?